బావమరిది తెచ్చిన వేట బూట్లు, చెరువు గట్టు మీద చలి

భీమవరం దగ్గరి ఒక పల్లె నుంచి రైతు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 46. నాలుగెకరాల వెనామీ రొయ్యల చెరువులు, మూడెకరాల వరిచేను. ఆరేళ్ళుగా షుగరు, రోజూ మెట్‌ఫార్మిన్ మాత్రలు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆడుతున్నాయో లేదో చూడ్డానికి అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి గట్ల మీద తిరిగొస్తారు. రెండు చలికాలాలుగా ఆ వేళకి పాదాలు చల్లబడి తిమ్మిరెక్కుతున్నాయట. ఆ మాట ఫోన్లో విన్న బావమరిది పోయిన సంక్రాంతికి అమెరికాలోని మిన్నెసోటా నుంచి వస్తూ, అక్కడ జింకల వేటకి వేసుకునే మోకాలెత్తు రబ్బరు బూట్లు తెచ్చిపెట్టారు. పెట్టె మీద 800 గ్రాముల ఇన్సులేషన్ అని ఉంది. లోపలి పొర ఊడి రాదు. “నీ కాలి నంబరెంత బావా?” అని ముందే అడిగితే ఈయన 9 అని చెప్పారు.

జనవరిలో హాయిగానే ఉన్నాయి. ఫిబ్రవరి దాటేసరికి బూటు విప్పితే సాక్సు పిండుకోవలసి వచ్చేది. మార్చిలో ఎడమకాలి చివరి రెండు వేళ్ళ సందు ఒరిసి, చర్మం తెల్లగా నాని ఊడింది. దురద, వాసన. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్ళీ వస్తుంది. ఏప్రిల్లో రొయ్యల పట్టుబడి నాడు బూట్లోకి నీళ్ళు పోతే మూడు రోజులైనా లోపల తడి వదల్లేదు. బొటనవేలి గోరు నల్లబడింది గానీ నొప్పి లేదు, అందుకని ఇంట్లో చెప్పలేదు. వాళ్ళావిడ మాత్రం వాసన చూసే “ఆ బూట్లు అటకెక్కించండి” అంటున్నారు. ఈ సంక్రాంతికి బావమరిది మళ్ళీ వస్తున్నారు. “అంత దూరం నుంచి మోసుకొచ్చినవి, వేసుకోకపోతే చిన్నబుచ్చుకుంటాడు. ఎండాకాలానికి ఒకటి, వానలకి ఒకటి, చలికి ఇవి అని మూడు రకాలు పెట్టుకోనా? ఏ కాలానికి ఏవి కొనాలో చెప్పండి” అని అడిగారు.

మీరు అడిగింది బూట్ల గురించి. దాని గురించి వివరంగానే చెప్తాను. కానీ ముందు మీ ఉత్తరంలో మీరు తేలిగ్గా దాటేసిన రెండు మాటల దగ్గర ఆగాలి: తిమ్మిరి, నొప్పి లేని నల్లగోరు.

మన డెల్టాలో ధనుర్మాసం తెల్లవారుజామున మామూలుగా 18, 20 డిగ్రీలు ఉంటుంది. చలి బిగిసిన రోజున ఇంకో మూడు నాలుగు తగ్గుతుంది. ఆ మాత్రం చలికి, అదీ నడుస్తున్న మనిషికి, పాదాలు చల్లగా తగలొచ్చు గానీ తిమ్మిరెక్కడం మామూలు కాదు. ఆరేళ్ళ షుగరు ఉన్నవాళ్ళకి తిమ్మిరి రావడానికి వేరే దారులున్నాయి. ఒకటి, పాదాల నరాలు దెబ్బతినడం. రెండు, కాళ్ళకి రక్తం సరిగా అందకపోవడం. మూడోది చాలామందికి తెలియదు: మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది, దానివల్లా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అలాగని మాత్ర మీ అంతట మీరు మానొద్దు. రక్తపరీక్షలో బి12 చూపించుకోండి, తక్కువైతే డాక్టరు భర్తీ చేస్తారు.

గోరు సంగతి ఇంకా తొందరది. బిగుతు బూటు బొటనవేలిని నొక్కి గోరు కింద నెత్తురు గడ్డకట్టిస్తే మామూలుగా నొప్పి పుడుతుంది. మీకు పుట్టలేదంటే ఆ వేలికి స్పర్శ తగ్గిందేమో చూడాలి. స్పర్శ లేని కాలికి గాయమైనా తెలియదు, తెలిసేసరికి చీము పడుతుంది. కాబట్టి ఈ వారంలోనే షుగరు డాక్టరు దగ్గరికి వెళ్ళి “పాదాలు చూడండి” అని నోరు తెరిచి అడగండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారాన్ని అరికాలి మీద ఆనించి స్పర్శ చూస్తారు, శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) పెట్టి కంపనం తెలుస్తోందో లేదో అడుగుతారు, పాదం మీద నాడి పట్టి చూస్తారు. పది నిమిషాల పని. వేళ్ళ సందున ఎరుపు పైకి పాకినా, వాపు, చీము, జ్వరం కనిపించినా వారం ఆగకుండా ఆ రోజే వెళ్ళండి. గోరు సంగతి ఈ రాత్రికే ఇంట్లో చెప్పండి. మీ అరికాలు మీకు పూర్తిగా కనిపించదు, ఆవిడకి కనిపిస్తుంది. రోజూ పడుకునే ముందు ఆవిడ చేత రెండు పాదాలూ లైటు వెలుగులో చూపించుకోవాలి.

చలికి కాళ్ళు కాచుకునే అలవాటుంటే మానేయండి. స్పర్శ తగ్గిన కాలికి వేడినీళ్ళు, కుంపటి, హీటరు ఏవైనా బొబ్బలెక్కించేదాకా తెలియవు.

మందుల షాపు ట్యూబు ఏమిటో మీరు రాయలేదు. రాస్తే తగ్గి, మానితే తిరగబెట్టడం స్టెరాయిడ్ కలిపిన ట్యూబుల లక్షణం. క్లోబెటసాల్, బెటామెథసోన్ అన్న పేర్లు దాని మీద కనిపిస్తే అవతల పెట్టండి. దురద అణుగుతుంది, తడికి వేళ్ళ సందున పట్టే బూజు (ఫంగస్) లోపల పెరుగుతూనే ఉంటుంది. ఒట్టి క్లోట్రిమజోల్ ఒక శాతం క్రీము పూటకొకసారి చొప్పున రోజుకి రెండుసార్లు, కాలు కడిగి వేళ్ళ సందులు పొడిగా తుడిచాక, తగ్గిందనిపించినా ఆపకుండా మొత్తం నాలుగు వారాలు రాయడం మామూలు పద్ధతి. షుగరుంది కాబట్టి మీ డాక్టరుకి చూపించాకే మొదలుపెట్టండి.

ఇక బూట్లు. అవి చెడ్డవి కావు. అవి పుట్టిన పని వేరు. మిన్నెసోటాలో నవంబరులో లైసెన్సు తీసుకుని జింకల వేటకి వెళ్ళేవాళ్ళు చీకటి ఉండగానే చెట్టుకి కట్టిన మంచె ఎక్కి, సున్నా దిగువన గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. కదలని కాలికి వేడి పుట్టదు. ఉన్న కాస్త వేడీ జారిపోకుండా పట్టి ఉంచడానికే ఆ మందపు పొర. ఇన్సులేషన్ వేడి పుట్టించదు, మీ ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. పైగా మనిషి కాలి వాసన నేలకి అంటితే జింక పసిగడుతుందని, వాసన బయటికి రాకుండా బూటు మొత్తం రబ్బరుతో మూసేస్తారు. వాసన రాని చోట ఆవిరి మాత్రం ఎలా వస్తుంది? మీ సాక్సు తడిసింది అందుకే.

800 గ్రాములు అన్నది బూటు బరువు కాదు. లోపలి దూది లాంటి పొర ఒక చదరపు మీటరు ముక్క తూగే బరువు. 200 గ్రాములది చల్లటి వాతావరణంలో నడిచేవాళ్ళకి, 400 సున్నా అటూ ఇటూ ఉండే చలికి, 800 దానికి బాగా దిగువన, 1000 పైబడినవి మంచు మీద కదలకుండా కూర్చునేవాళ్ళకి అని స్థూలంగా లెక్క. ఇన్ని గ్రాములైతే ఇన్ని డిగ్రీలు అని అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు, పెట్టె మీద ఉష్ణోగ్రత వేస్తే అది ఆ కంపెనీ అంచనా. ఎలా చూసినా 18 డిగ్రీల్లో గట్టు మీద నడిచే మనిషికి 200 గ్రాములది కూడా ఎక్కువే.

ఇంకో సంగతి నంబరు. మన దేశంలో చెప్పుల నంబర్లు ఇంగ్లండు లెక్కలో నడుస్తాయి. అమెరికా మగవాళ్ళ నంబరు దానికన్నా ఒకటి, కొన్ని కంపెనీల్లో సగం, ఎక్కువ ఉంటుంది. మీరు 9 అన్నారు, ఆయన అక్కడి 9 కొన్నారు. అది మన 8, మహా అయితే 8న్నర. మందపాటి సాక్సు వేసేసరికి ఇంకా బిగిసింది. నల్లగోరుకి కారణం చాలావరకు ఇదే. బిగుతు బూటులో రక్తం సరిగా ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది కూడా.

కాబట్టి మీ ముందున్న దారులు చూద్దాం.

చలి నెల రోజులూ వీటినే వేసుకుంటాను అంటే, గోరు సంగతి లేకపోతే ఆలోచించవచ్చు. పలుచటి సాక్సుతో, రోజు విడిచి రోజు, గంటకి మించకుండా వేసుకుంటే చెమట కొంత అదుపులో ఉంటుంది. కానీ నంబరు సరిపడని బూటు షుగరున్న కాలికి వద్దు. ఈ దారి మీకు మూసుకుపోయిందనే నా అభిప్రాయం. సంక్రాంతి నాడు ఆయన ముందు ఒక్క పూట వేసుకోవడం కూడా వద్దు.

అటకెక్కించడం ఇంట్లో ఆవిడ చెప్పిన దారి. వేసుకోవద్దన్నంత వరకు ఆవిడదే సరైన మాట. అటక మాత్రం ఈ బూట్లకి మంచి చోటు కాదు. చాలా బూట్ల అడుగున పాలీయూరిథేన్ నురుగు పొర ఉంటుంది. మన తేమకీ వేడికీ అది వాడకపోయినా నాలుగైదేళ్ళలో పిండిలా రాలిపోతుంది, ఓ రోజు తీసి వేసుకుంటే అడుగు ఊడి చేతికొస్తుంది. చలి ఉన్నచోట తొడిగితేనే వాటికి బతుకు. బావమరిదికో, అక్కడి ఆయన స్నేహితులకో ఆ నంబరు సరిపోతే వెనక్కి తీసుకెళ్ళడం మంచిది. పంపేముందు మట్టి రేణువు లేకుండా అడుగు గాళ్ళన్నీ బ్రష్షుతో కడగాలి. అమెరికాలో దిగేటప్పుడు పొలాలకి వెళ్ళారా, మట్టి అంటిన సామాను ఉందా అని అడుగుతారు, ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. లోపలి పొరని ఉడకబెట్టలేం, బూజు మిగిలి ఉండొచ్చు. బూజు చంపే పౌడరు చల్లి, బాగా ఆరబెట్టి, సంగతి చెప్పి మరీ ఇవ్వండి. చెరువు కాపలా ఉండేవాళ్ళకి ఇచ్చేద్దామనిపిస్తే వద్దు. మీ కాలికి జరిగిందే వాళ్ళ కాలికీ జరుగుతుంది.

పలుచటి ఇన్సులేషన్ బూట్లు కొందామంటే, మూడు మిల్లీమీటర్ల నియోప్రీన్ ఉన్నవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నియోప్రీన్ మూసిన గాలిబుడగల నురుగు, నీళ్ళు పీల్చదు కాబట్టి దూది పొర కన్నా తొందరగా ఆరుతుంది. డిసెంబరు, జనవరి గడుస్తాయి. ఫిబ్రవరి నుంచి మళ్ళీ చెమటే. ఆవిరి వదిలే పొర అని గోర్‌టెక్స్ లాంటివి అమ్ముతారు. లోపలి కన్నా బయట గాలి పొడిగా, చల్లగా ఉంటేనే ఆవిరి అటు వెళ్తుంది. మన ఉక్కలో, పైన రేగడి మెత్తుకున్నాక, ఆ పొర చేసే పని చాలా తక్కువ. పైనుంచి నీళ్ళు పోతే మాత్రం ఆ పొరే నీళ్ళని లోపల పట్టి ఉంచుతుంది.

నా మొగ్గు సాదా గమ్‌బూట్ల వైపు. లోపల పలుచటి గుడ్డ తప్ప మరేమీ లేనివి, ఒకే రకంవి, రెండు జతలు. కాలానికో బూటు పెట్టుకోవడం కన్నా ఒక రోజు ఒక జత వేసుకుని రెండోది ఆరనివ్వడం మీ కాలికి ఎక్కువ మేలు చేస్తుంది. కాలాన్ని బట్టి మార్చాల్సింది లోపలి సాక్సు, అడుగు అట్ట, బూటులో కాలు ఉండే సమయం.

సరకు విషయానికొస్తే, పీవీసీవి చవక. డీజిల్‌కీ బ్లీచింగ్‌కీ కొంతవరకు తట్టుకుంటాయి. ఎండలో పడేస్తే గట్టిపడి చీలమండ మడత దగ్గర చిట్లుతాయి. అసలు రబ్బరువి మెత్తగా కాలికి ఒదుగుతాయి గానీ డీజిల్, నూనె తగిలితే ఉబ్బి పాడవుతాయి. జనరేటరు దగ్గర తిరిగే మీకు పీవీసీ నయం. పీవీసీ వాటి మీద భారత ప్రమాణం (ఐఎస్) 12254, రబ్బరు వాటి మీద ఐఎస్ 5557 గుర్తు కోసం చూడండి. అడుగు గాళ్ళు లోతుగా, ఎడంగా ఉండాలి, దగ్గర దగ్గరగా ఉంటే రేగడి ఇరుక్కుని నున్నగా జారుతుంది. పిక్క దగ్గర రెండు వేళ్ళు దూరేంత ఖాళీ ఉండాలి, పైన తాడుతో బిగించొద్దు. గట్టు జారి చెరువులో పడితే బూట్లలో నీళ్ళు నిండుతాయి, అప్పుడు కాలు విదిలిస్తే ఊడిపోవాలి.

మోకాలి ఎత్తు తగ్గించకండి. గట్ల మీద కలుగులుంటాయి, ఎలకలుంటాయి, వాటి వెనక రక్తపింజర, తాచు ఉంటాయి. కాటు ఎక్కువగా పాదానికో పిక్కకో పడుతుంది. వేసుకునేముందు బూటు తలకిందులు చేసి దులపడం ప్రతిసారీ చేయాలి. ఎలకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే ఎలుక జ్వరానికి ఒరిసిన వేళ్ళ సందూ ఒక దారి, బూటు ఆ దారికీ అడ్డం. కరెంటుకి మాత్రం అడ్డం కాదు. ఎలక్ట్రికల్ రేటింగు ముద్ర లేని గమ్‌బూటు వేసుకుని షాకు కొట్టదన్న ధీమాతో ఏరేటరు వైర్లు ముట్టుకోవద్దు. నల్ల రబ్బరులో కలిపే కార్బన్ కరెంటుని పోనిస్తుంది. మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టాలి.

సాదా బూటుకి ఇంకో లాభం ఉంది, చెరువు రైతుగా మీకు వెంటనే తెలుస్తుంది. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి బురద కాళ్ళతోనూ పోతుంది. గట్టు మొదట్లో మందునీళ్ళ తొట్టిలో నున్నటి పీవీసీ బూటు ముంచితే శుభ్రపడుతుంది. దూది పొర నానిన బూటుని అలా శుభ్రం చేయలేం.

చలికాలం గురించి. డిసెంబరు, జనవరిల్లో ఊలు కలిసిన ఒక్క జత సాక్సు, కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల ఈవీఏ (మెత్తటి నురుగు ప్లాస్టిక్) అట్ట చాలు. నేల చలి కాలికి ఎక్కకుండా ఆ అట్ట ఆపుతుంది, రోజూ తీసి ఆరబెట్టుకోవచ్చు. నూలు సాక్సు వద్దు, అది చెమట పీల్చి కాలికి అంటిపెట్టుకుంటుంది. నీళ్ళు గాలి కన్నా దాదాపు పాతికరెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి, కాబట్టి తడి సాక్సు ఎంత మందంగా ఉన్నా చలి ఆపదు. అర్ధరాత్రి తిరిగొచ్చాక సాక్సు మార్చి పొడి జతతో తెల్లవారుజాము తిరుగుడుకి వెళ్ళండి. మీరు చలి అనుకున్నదాంట్లో కొంత దీంతోనే పోతుంది.

ఫిబ్రవరి మధ్యకి ఊలు తీసేసి పలుచటి పాలిస్టర్ సాక్సు. వేళ్ళు విడివిడిగా ఉండే సాక్సు దొరికితే మీ ఒరిసే సందుకి మరీ మంచిది. మేలో కాలువలు కట్టేసి గట్లు పొడిగా ఉండే రోజుల్లో పగలు గమ్‌బూటు అవసరమే లేదు, పాదం మొత్తం కప్పే గట్టి కాన్వాసు బూట్లు చాలు. వట్టి కాళ్ళతో మాత్రం, మీకున్న షుగరుకి, ఏ కాలంలోనూ వద్దు. వానల్లో, తుపాను రోజుల్లో బూటులో కాలు రెండు గంటలు దాటితే ఒకసారి విప్పి తుడుచుకోవాలి. సార్వా, దాళ్వా నాట్లప్పుడు దమ్ము చేసిన చేలో గమ్‌బూటు పనికిరాదు, దిగబడి కాలు బయటికొచ్చి బూటు బురదలో ఉండిపోతుంది. ఈ ఏడాదికి ఆ పని కూలీలకి వదిలేసి మీరు గట్టు మీద ఉండటమే మంచిది.

ఆరబెట్టడం ఇలా: అట్ట బయటికి లాగి, బూటులో నలిపిన న్యూస్‌పేపరు కూరి, రెండు గంటలకి ఆ కాగితం తీసి కొత్తది కూరాలి. తర్వాత నీడలో, గుంజకి తలకిందులుగా. ఎండలో, పొయ్యి పక్కన వద్దు. సాక్సు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి.

బావమరిదికి పండక్కి ముందే మీరే ఫోను చేయండి. ఆయన వచ్చాక చూసి అడిగితే మీరు తడబడతారు, ఆయనా నొచ్చుకుంటారు. “నంబరు తేడా వచ్చింది, గోరు నల్లబడింది, డాక్టరుకి చూపించాను” అని ఉన్న మాట చెప్తే, అక్క కాపురం గురించి ఆలోచించే తమ్ముడు బూట్ల కోసం బాధపడడు, మీ కాలి కోసం కంగారు పడతాడు. ఆయనకి ఏదో ఒకటి తేవాలని ఉంటే సన్నటి మెరినో ఊలు సాక్సు నాలుగు జతలు, తలకి కట్టుకునే లైటు ఒకటి అడగండి. ఎప్పుడైనా మీరే చలికాలంలో మిన్నెసోటా వెళ్తే అక్కడ మందపాటి బూట్లు కావాలి. అప్పుడు మీ కాలి కొలతకి అక్కడే కొనుక్కోవచ్చు.

కొత్త బూట్లు సాయంత్రం పూట కొనండి, పగలంతా తిరిగిన పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. వేసుకోబోయే సాక్సుతోనే తొడిగి, పొడుగైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందో లేదో చూసుకోండి. స్పర్శ మీద నమ్మకం లేదు కాబట్టి ఇంట్లోనే పాదం అట్టముక్క మీద ఆనించి చుట్టూ గీసి, కత్తిరించి తీసుకెళ్ళండి. ఆ అట్ట బూటులో మడత పడకుండా కూర్చోవాలి. మీతో పాటు అవే గట్ల మీద రాత్రంతా వట్టి కాళ్ళతో తిరిగే కాపలావాళ్ళు ఉంటే వాళ్ళ పాదాలకీ అట్టలు గీయించుకుని వెళ్ళండి.